ఆముదం పీట మీద నా హక్కు

ప్రతి ఇంట్లోనూ ఒక ఆముదం సీసా ఉండి తీరాలని ప్రభుత్వం వెంటనే చట్టం చెయ్యాలి. సీసా లేని ఇంటికి కరెంటు ఆపెయ్యాలి. నవ్వకండి, బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను.

ముందుగా ఒక మనవి. నాది బట్టతల. అక్కడక్కడా ఆశ మిగిలిన బట్టతల కాదు, రెండు చెవుల మధ్య పూర్తిగా చదునైపోయిన బట్టతల. కాబట్టి జుట్టు పెంచే ఆముదాన్ని నేను ఇంతగా మెచ్చుకుంటున్నానంటే అందులో నా స్వార్థం వెంట్రుకవాసి కూడా లేదని మీరు గ్రహించాలి.

మా ఇంట్లోకి ఆముదం మా ఆవిడ ఫోన్ లోంచి వచ్చింది. ఎవరో ఒకావిడ మోకాళ్ల దాకా జుట్టు వేలాడేసుకుని, ఆముదం రాస్తే కుదుళ్లు గట్టిపడతాయి, చుండ్రు పోతుంది, మాడు చల్లబడుతుంది అని వీడియోలో చెప్పింది. మా ఆవిడ చూసింది. మళ్లీ చూసింది. మర్నాడు చంకనెత్తుకోవాల్సినంత సీసా ఒకటి ఇంటికి తెచ్చింది.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం పొద్దున్నే మా వంటింటి గుమ్మం దగ్గర దర్బారు. మా ఆవిడ కుర్చీలో కూర్చుంటుంది. ఆవిడ ముందు చిన్న చెక్కపీట. పక్కన వేణ్ణీళ్ల గిన్నెలో మునకేసిన సీసా. మా అమ్మాయి, మా అబ్బాయి, మాతోనే ఉంటున్న మా అత్తగారు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ పీట మీద కూర్చుని తల అప్పగించాలి.

ఇల్లంతా జిడ్డు కాదా అని మీరడుగుతారు. జిడ్డే! రిమోట్ చేతిలో నిలవదు. సోఫా వీపు మీద ఎవరు ఎక్కడ కూర్చుంటారో చెప్పే గుండ్రటి మచ్చలు పడ్డాయి. తలుపు గడియలు పట్టుకుంటే చేపల్లా జారిపోతున్నాయి. దీన్ని నష్టం అనుకునేవాళ్లకు దూరదృష్టి లేదు. ఒక దొంగ వచ్చాడనుకోండి, మా గడియ తియ్యగలడా? మేమే తియ్యలేకపోతున్నాం! మొన్న మా అబ్బాయి స్నానాల గదిలోంచి బయటికి రాలేక లోపల్నుంచి కేకలు పెట్టాడు. తువ్వాలు చుట్టి తిప్పమని బయట్నుంచి నేను చెప్పాను. వాడికి ఊహ తెలిశాక నా సలహా వినడం అదే మొదలు.

బస్సులో చూడండి. మా అమ్మాయి జడకున్న పరిమళానికి పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. బ్యాగు పెట్టుకోవడానికి సుఖంగా ఉందంటుంది. నలుగురూ నిలబడి ఉన్నా ఆ సీటు జోలికి ఎవరూ రారట. ఇంత గౌరవం మంత్రులకు మాత్రం దక్కుతుందా?

ఇక నా ఉద్యోగం సంగతి. నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. అద్దాన్ని ఫ్రేముకు సరిపోయేలా అంచులు అరగదీసి బిగించడం నా పని. నా తలకు ఆముదం అంటకపోయినా చేతులకు అంటుతుంది, ఎందుకంటే గడియ ముట్టుకోకుండా మా ఇంట్లోంచి ఎవరూ బయటపడలేరు. ఒక సోమవారం ఒక పెద్దాయన కొత్త కళ్లజోడు పెట్టుకుని పక్కనున్న భార్యను అలా చూస్తూ ఉండిపోయారు.

"ఎన్నాళ్లయిందో మా ఆవిడ ఇంత బాగా కనపడి," అన్నారు.

నాకు అనుమానం వచ్చి కళ్లజోడు తీసుకున్నాను. వెలుతురులో పెట్టి చాలాసేపు అటూ ఇటూ తిప్పితే గానీ కనిపించలేదు. రెండు అద్దాల మీదా నా బొటనవేలి ఆముదం, పల్చగా, మంచు పట్టినట్టు. తుడవబోతే ఆయన భార్య నన్ను ఆపింది.

"ఉండనీ నాయనా. ఆయనకు బాగానే ఉందంటున్నారుగా," అంది.

మా ఓనరు మాత్రం ఆముదం తాగిన మొహం పెట్టాడు. అద్దాల మీద వేలిముద్రలు చూసుకోకుండా ఇస్తే ఎలాగని నన్ను లోపలికి పిలిచి చివాట్లు పెట్టాడు. ఒక కాపురం నిలబెట్టిన సంగతి ఆయన బుర్రకెక్కలేదు.

అయితే ఆముదం అసలు మహిమ ఇవేవీ కావు. అది మిగతా నూనెల్లా పోయగానే పరుగెత్తదు. చిక్కగా, తీరిగ్గా, పెళ్లికొడుకు తరఫు బంధువులా దిగుతుంది. పాయ పాయా విడదీసి, మాడుకు పట్టించి, వేళ్లతో నొక్కాలి. తలకు అరగంట. ఆ అరగంటా మా ఆవిడ చేతులు జిడ్డు, ఫోన్ ముట్టుకోలేదు. పీట మీద మనిషి జుట్టు ఆవిడ పిడికిట్లో ఉంది, తల వంచి ఫోన్ చూడలేరు, లేచి పారిపోలేరు. కాస్త కదిలితే "కదలకు, ఇంకా అవలేదు" అని ఒక మొట్టికాయ. అప్పుడు మనుషులు ఏం చేస్తారు? గత్యంతరం లేక మాట్లాడతారు!

మామూలు రోజుల్లో మా భోజనాల బల్ల దగ్గర వినపడే మాటలు ఉప్పు, నీళ్లు, ఛార్జరు. అలాంటి ఇంట్లో ఆ పీట దగ్గర నేనేం విన్నానో తెలుసా? మా అమ్మాయి ఆఫీసులో తను చేసిన పనిని పై అధికారి తనదిగా చెప్పుకుంటున్నాడని చెప్పి ఏడ్చింది. మా అబ్బాయి లెక్కల పరీక్ష తప్పానని ఒప్పుకున్నాడు, అదీ మార్కులు రాకముందే. మా అత్తగారు చిన్నప్పుడు అన్నగారి సైకిలు ఎత్తుకెళ్లి కాలవలో పడేసిన సంగతి ఇన్నేళ్లకు బయటపెట్టారు. మా ఆవిడ ఎవరినీ తిట్టలేదు, సలహా చెప్పలేదు. "ఊఁ" అంటూ నొక్కుతూనే ఉంది. లేచేటప్పటికి ఒక్కొక్కరి మొహం తేటపడింది. ఇదంతా నేను ఫ్రిజ్ పక్కన నిలబడి పేపరు చదువుతూ విన్నాను. అది పోయిన వారం పేపరని మా అత్తగారు గుర్తుచేశారు.

ఒక ఆదివారం ధైర్యం చేశాను.

"ఏమోయ్, నాకూ కాస్త రాయకూడదూ," అన్నాను.

మా ఆవిడ నా తల వైపు జాలిగా చూసింది. "ఎక్కడ రాయమంటారు?" అంది.

పిల్లలు నవ్వాపుకోలేక బాల్కనీలోకి పోయారు. మా అత్తగారికి మనసు కరిగింది. "అల్లుడుగారు నోరు తెరిచి అడుగుతున్నారు కదే. ఓ చుక్క వెయ్యి."

"వేస్తే నిలవదమ్మా. జారి కళ్లల్లోకి పోతుంది."

శాస్త్రీయంగా ఆలోచిస్తే ఆవిడ చెప్పింది నిజమే. మా దుకాణానికి వచ్చే చర్మం డాక్టరునూ అడిగాను. ఉన్న జుట్టు మెత్తబడి మెరుస్తుందేమో గానీ, ఎండిన చోట కొత్తగా మొలుస్తుందన్న భరోసా ఏదీ లేదన్నాడు. ఫీజు అడగలేదు కాబట్టి కోప్పడలేకపోయాను.

నేను మాత్రం పట్టు వదల్లేదు. తల మీద లేకపోతే మీసం పెంచొచ్చుగా! ఎన్నడూ లేనిది గడ్డం గీసుకునేటప్పుడు పైపెదవిని వదిలేశాను. ఒంట్లో బాగాలేదా అని దుకాణంలో అడిగినవాళ్లందరికీ బాగానే ఉందని చెప్పుకుంటూ వచ్చాను. అది దువ్వెనకు అందేదాకా ఓపికపట్టి, ఒక ఆదివారం అందరికంటే ముందు వెళ్లి పీట మీద కూర్చున్నాను.

"ఏంటిది?" అంది మా ఆవిడ.

"జుట్టు."

"మీసం."

"ఇదీ కుదుళ్లలోంచే వస్తుంది."

ఆవిడ నవ్వింది. నా గుండె తేలికైంది. ఏం చెప్పాలో అన్నీ వరసగా అనుకునే వచ్చాను. పెద్దాయన కళ్లజోడు కథ ముందు చెబుతాను, ఆవిడ నవ్వుతుంది. తర్వాత మెల్లగా అసలు సంగతి. కొంతకాలంగా నాకు దగ్గరివి సరిగా ఆనడం లేదు. అద్దం అంచు రెండుగా కనిపిస్తోంది. ఆ కళ్లజోడు నేను చూసుకోకుండా ఇవ్వలేదు, చూసినా వేలిముద్రలు కనిపించక ఇచ్చాను. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేవాడు ఈ మాట ఆ దుకాణంలో ఎవరికి చెప్పుకోవాలి? ఓనరుకు తెలిస్తే నా చోట ఇంకొకడు కూర్చుంటాడు. భయంగా ఉందని ఒక్క మనిషికి చెబితే చాలు. చెప్పడానికి అరగంట సరిపోతుంది.

మా ఆవిడ దూదిపుల్ల తీసింది. ఆముదంలో ముంచింది.

"నోరు కదపకండి, లోపలికి పోతుంది," అంది.

పుల్లతో ఎడమవైపు ఒక గీత, కుడివైపు ఒక గీత.

"లేవండి, అయిపోయింది."

నేను లేచాను. వెనక మా అబ్బాయి వరసలో నిలబడి ఉన్నాడు, అంత జుట్టేసుకుని.

అయ్యా, శాస్త్రవేత్తలూ! ఆముదంలో ఇంకేదైనా కలపండి, ఉడకబెట్టండి, వడకట్టండి, ఏం చేస్తారో నాకు తెలియదు. బట్టతల మీద జుట్టు మొలిపించే మందు త్వరగా కనిపెట్టండి. మొదట్లో నాకు స్వార్థం లేదన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అందం కోసం కాదు, నెత్తి నిండా కూడా అక్కర్లేదు. మా ఆవిడ పిడికిట్లో ఇమిడేటంత మొలిస్తే చాలు. ఆవిడ దాన్ని గట్టిగా పట్టుకుని, "కదలకండి, ఇంకా అవలేదు" అనాలి.