వంకపల్లె సున్నా

ఈ లోకంలో నేరస్తులు భయపడాల్సినవి రెండే ఉన్నాయని, ఒకటి చట్టమని, రెండోది తన బుర్ర అని, మొదటిదాన్నుంచి ఎప్పుడైనా తప్పించుకోవచ్చు గానీ రెండోదాన్నుంచి కుదరదని శేషాద్రి ఒక మంగళవారం పొద్దున ప్రకటించాడు. వినడానికి ఇర్ఫాన్ ఒక్కడే ఉన్నాడు. ప్రొద్దుటూరులో శేషాద్రికి జాకెట్టు గుడ్డల అంగడి. దాన్ని ఆనుకునే ఇర్ఫాన్ జిరాక్సు అంగడి. ఆనుకున్న పాపానికి పదేళ్లుగా ఇలాంటివి వింటూనే ఉన్నాడు.

అప్పటికి శేషాద్రి ఛేదించిన కేసు ఒక్కటే. ఎదురింటి పిల్లి కనిపించకుండా పోతే మూడు వారాలు గాలించాడు. చివరికి అది తనంతట తనే మూడు పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. శేషాద్రి తన డైరీలో 'ముఠాతో సహా పట్టుబడింది' అని రాసుకున్నాడు.

ఆ రోజు పేపర్లో జిల్లా పోలీసుల నెలవారీ నేరాల పట్టిక పడింది. ఏ స్టేషన్ పరిధిలో ఎన్ని ఇళ్లు దోచారు, ఎన్ని బైకులు పోయాయి, ఎన్ని గొలుసులు తెంపారు, అన్నీ గళ్లు గీసి అచ్చేశారు. ప్రతి ఊరికీ ఏవో కొన్ని అంకెలున్నాయి. జమ్మలమడుగు దాటి పులివెందుల దారిలో ఉన్న వంకపల్లెకు మాత్రం అన్ని గళ్లలోనూ సున్నాలే. వంకపల్లెకు వంక పెట్టడానికి లేదు.

శేషాద్రి ఆ సున్నాల మీద వేలు పెట్టి కళ్లు సగం మూశాడు.

"అల్లుడూ, దొంగ సొంతూళ్లో దొంగతనం చేయడు. అన్ని ఊళ్లలో దొంగతనాలు అవుతాండాయి, వంకపల్లెలో కాలేదు. దీన్నిబట్టి ఏం తెలుస్తాంది? దొంగలందరిదీ వంకపల్లే."

"మామా, పోయిన నెల ఆడ మా ఖాలా కుట్టుమిషను ఎత్తుకపోయినారు."

ఇర్ఫాన్ వాళ్లమ్మకు చెల్లెలు ఖాతూన్‌బీ. మొగుడు పోయాక ఆ మిషనే ఆమెకు దిక్కు. బడులు తెరిచే ముందు నెల, యూనిఫారాలు కుట్టి నాలుగు నెలలకు సరిపడా సంపాదించే నెల. సరిగ్గా అప్పుడే పోయింది.

శేషాద్రి పట్టికను మళ్లీ చూశాడు. అందులో లేని దొంగతనం జరిగినట్టు కాదని, పెద్ద ముఠా వేటలో ఉన్నప్పుడు చిల్లర విషయాలు తేవద్దని చెప్పి, బైకు తీయమన్నాడు. ఖాలాను చూసినట్టుంటుందని ఇర్ఫాన్ తీశాడు. మారువేషంగా శేషాద్రి మంకీ క్యాపు తొడుక్కున్నాడు. జూన్ నెల, కడప జిల్లా ఎండ. జమ్మలమడుగు చేరేసరికి దారిన పోయేవాళ్లంతా తిరిగి తిరిగి చూశారు. జనంలో కలిసిపోయానని ఆయన సంతోషపడ్డాడు.

వంకపల్లెలో ఖాతూన్‌బీ గుమ్మంలో కూర్చుని, వేరే టైలరు ఇచ్చిన జాకెట్లకు చేత్తో హుక్కులు కుడుతోంది. కేసు ఏమైందని ఇర్ఫాన్ అడిగాడు.

"తెల్లకాయితం మీద రాసుకున్నార్రా. నంబరు మాత్రం ఇయ్యలేదు. నెలనాళ్ల నుంచి పోతాండా, వస్తాండా. కేసులు రాసే ఆ రైటరు చూస్తాంలే పోమ్మా అంటాడు."

ఇర్ఫాన్ స్టేషనుకు పోదామన్నాడు. కానీ శేషాద్రి అప్పటికే వీధి చివర టీ అంగడి దగ్గర ముఠా నాయకుణ్ణి కనిపెట్టేశాడు. యాభై ఏళ్ల మనిషి, లుంగీ, బుర్ర మీసం. పక్కన ఏదో బరువైనది ఉన్న పెద్ద సంచి. వచ్చేపోయేవాళ్లంతా నమస్కారం పెడుతున్నారు. టీ తాగి లేస్తే అంగడివాడు డబ్బులు అడగలేదు. ఇంతకన్నా రుజువేం కావాలని శేషాద్రి ఇర్ఫాన్ చెవిలో ఊదాడు. ఆ మనిషి పులివెందుల బస్సెక్కాడు. వీళ్లు బైకు మీద వెంటపడ్డారు.

పులివెందులలో అతను ఒక రిపేరు అంగడిలోకి దూరాడు. మిక్సీలు, ఫ్యాన్లు, కుట్టుమిషన్లు బాగుచేసే చోటది. శేషాద్రి కూడా పక్క సందులోంచి దూరి, మూల ఉన్న టార్పాలిన్ పట్ట వెనక నక్కాడు. క్యాపు కళ్ల మీదికి జారింది. సరిచేసుకోవడానికి చెయ్యెత్తేసరికి మోచెయ్యి తగిలి, పట్టతో పాటు దాని కింద ఉన్నదంతా ఆయన పాదం మీదికి వచ్చిపడింది.

ఆ కేక విని ఇర్ఫాన్ లోపలికి పరుగెత్తాడు. మామ పాదం మీద ఒక చేతి కుట్టుమిషను ఉంది. దాని పిడి ఇనపది కాదు. చపాతీ కర్ర ముక్క కోసి బిగించిన పిడి. రెండేళ్ల కిందట దాన్ని బిగించింది ఇర్ఫానే. మా ఖాలా మిషను ఈడికి యెట్లొచ్చిందని అడిగాడు.

సరిగ్గా అప్పుడే ఇంకో మిషను భుజాన పెట్టుకుని ఒకడు లోపలికొచ్చాడు. రిపేరు చేసే సుధీర్ వాణ్ణి చూసి, ఆ చపాతీ కర్ర మిషను తెచ్చింది ఇతనే, ఇతన్నే అడగండని అమాయకంగా అన్నాడు. వాడు భుజాన ఉన్నది దించి వెనక్కి తిరిగాడు. కానీ పారిపోలేకపోయాడు. నొప్పికి కళ్లు కనపడని శేషాద్రి, దొరికిన మొదటి మనిషిని రెండు చేతులా వాటేసుకుని ఉన్నాడు.

"నన్ను ఇడిచిపెట్టి పోవద్దప్పా. యెవురివో గానీ దేవుని మాదిరి వచ్చినావు."

వాడు గింజుకున్నాడు. గింజుకునేకొద్దీ శేషాద్రి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఇర్ఫాన్ పోలీసులకు ఫోన్ చేశాడు. వాళ్లొచ్చేదాకా ఆ పట్టు సడలలేదు.

పులివెందుల ఎస్సై ప్రియదర్శిని వచ్చీరాగానే సంచీ మనిషిని గుర్తుపట్టింది. వంకపల్లె స్టేషను రైటరు ఆదినారాయణ మీరేనా, ఈడేం చేస్తాండారని అడిగింది. ఆయన సంచీలోంచి మిక్సీ తీసి చూపించాడు. ఇంట్లో పచ్చడి ఆగిపోయిందట.

వాళ్ల స్టేషనులో ఈ మిషను గురించి కేసుందా అని ఆమె అడిగితే ఆదినారాయణ మిక్సీ మూత బిగించడం మొదలుపెట్టాడు. ఇర్ఫానే జవాబిచ్చాడు, తెల్లకాయితం ఉంది, నంబరు లేదని. ఫిర్యాదు చేయాల్సిన మనిషిని పిలిపించమని, జీరో ఎఫ్ఐఆర్ రాస్తామని ఆమె చెప్పింది.

శేషాద్రి కుంటుకుంటూ ముందుకొచ్చాడు. "ఇంత జరిగినా మళ్ల సున్నానే అంటే యెట్ల మేడం?"

"ఈ సున్నా వేరు సార్. నేరం యాడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాసుకోవచ్చు. మేం సున్నా నంబరుతో రాసి పంపుతాం. ఆడికి పోయినాక వాళ్లు అసలు నంబరు వేయాల్సిందే. లెక్కలోకి రావాల్సిందే."

ఖాతూన్‌బీ కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఆదినారాయణ పులివెందుల స్టేషను మెట్ల మీద ఇర్ఫాన్ పక్కనే వచ్చి కూర్చున్నాడు.

"రాస్తే దొంగ దొరికేదాకా ప్రతి మీటింగులో నిలబెట్టి అడుగుతారప్పా. రాయకుంటే యెవురూ అడగరు. ఆరు నెలల నుంచి మా స్టేషను శానా బాగుందంటాండారు."

"మీరు బాగుందనిపించుకుంటాంటే, మా ఖాలా చేత్తో హుక్కులు కుడతాంది సార్."

ఖాతూన్‌బీ బస్సు దిగి రాగానే ఆదినారాయణ లేచి, తను కూర్చున్న చోటు ఆమెకిచ్చాడు.

వారం తర్వాత వాంగ్మూలం ఇవ్వడానికి ఆమెను తీసుకుని ఇర్ఫాన్ వంకపల్లె స్టేషనుకు వెళ్లాడు. శేషాద్రి పాదానికి కట్టుతో తోడు వచ్చాడు. వాకిలి దాకా మనుషులు బారుగా నిలబడి ఉన్నారు. ఖాతూన్‌బీ మిషనుకు నంబరు పడిందని ఊరంతా తెలిసిపోయింది. మోటారు వైరు పోయిన తిరుపాలమ్మ, సైకిలు పోయిన వాళ్లు, కోళ్లు పోయిన వాళ్లు, అందరూ నిరుడు పోయినవాటికి కూడా వచ్చారు.

శేషాద్రి ఆ వరసను చివరిదాకా చూసి, ఇర్ఫాన్ భుజం పట్టుకున్నాడు.

"చూసినావా అల్లుడూ. ముఠాను ఒక దెబ్బ కొట్టినామో లేదో, ఒక్క వారంలో ఊరు మీద పడి పగ తీర్చుకున్నారు."

లోపల జానీబీ తన మేకల గురించి చెబుతోంది. రెండు నల్లవి, ఒకటి ఎర్రది, ఎర్రదానికి ఎడమ చెవి తెలుపు. ఆదినారాయణ ఒక్క వేలితో కంప్యూటరులో కొడుతూ, తలెత్తి అడిగాడు.

"ఎడమ చెవా, కుడి చెవా? సరిగ్గా చెప్పు పెద్దమ్మా, రాస్తాండా."