డెబ్బై రెండు గంటల డబ్బా

మనిషి ఒంట్లో ఉన్న తపాలా శాఖను మించిన తపాలా శాఖ సృష్టిలో మరొకటి లేదు. ఒక మూలనుంచి బయలుదేరిన కబురు ఇంకో మూలనున్న కణానికి చేరుతుంది. ఆ కణంలో దాన్ని అందుకోవడానికే ఉన్న గ్రాహకం దాన్ని అందుకుంటుంది. లోపలివాళ్ళు వెంటనే పని మొదలుపెడతారు. ఇంత తతంగానికీ కొన్ని క్షణాలు, మహా అయితే కొన్ని గంటలు చాలు. ఈ అద్భుతాన్ని పరిశోధించడానికే ఒక నాలుగంతస్తుల సంస్థ ఉంది. అక్కడ కాగితం ఒకటో కిటికీ నుంచి రెండో కిటికీకి చేరడానికి సగం పూట పడుతుంది. (రెండు కిటికీల మధ్య దూరం నాలుగడుగులు. కొలిచినవాళ్ళున్నారు. కొలిచేంత తీరిక వాళ్ళకు ఆ వరుసలోనే దొరికింది.)

సంస్థ పూర్తిపేరు కణ సంకేత, హార్మోను గ్రాహక, క్యాన్సరు, రోగనిరోధక శక్తి పరిశోధనాలయం. ముందుగోడ సరిపోక చివరి మాటల్ని పక్కగోడ మీద రాయించారు. అందువల్ల ఎదురుగా వచ్చినవాళ్ళకు బోర్డు క్యాన్సరు వరకే కనిపిస్తుంది. రోగనిరోధక శక్తి కావలసినవాళ్ళు మూల తిరగాలి.

బుధవారం ఉదయం తొమ్మిదింటికి ఆ గోడ ముందు బస్సు దిగింది కండక్టరమ్మ. అది తను పనిచేసే బస్సు కాదు. సెలవు పెట్టి, టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చింది. ఆమె చేతిసంచిలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. డబ్బాలో మందునీళ్ళు, ఆ నీళ్ళలో దారప్పోగంత కండ. అది ఆమె వదిన రొమ్ములోని గడ్డ నుంచి సూదితో తీసిన ముక్క.

వదిన టైలరు. ముక్క తీసిన రోజు ఆసుపత్రి మంచం దిగి, ముఖం తుడుచుకుంటున్న వదినను కండక్టరమ్మ ఊరుకోనివ్వలేదు.

"ముప్పై ఏళ్ళుగా సూది పట్టుకున్నదానివి. నీకు సూదంటే భయమేంటి వదినా?"

"నా చేతిలో సూదికి నాకేం భయం? వాళ్ళ చేతిలోది చూశాకే ఇన్నాళ్ళూ ఆ గుడ్డలు ఎంత ఓర్చుకున్నాయో తెలిసింది. చెప్తున్నా విను, మళ్ళీ సూది అన్నారంటే నేను రాను. మీ అన్నయ్యని పంపిస్తాను, ఆయన్ని పొడుచుకోమను."

డాక్టరు మాత్రం నవ్వలేదు. "ఆ ముక్కలోని కణాలకు హార్మోను కబుర్లు అందుకునే గ్రాహకాలు ఉన్నాయో లేవో చూడాలి. ఉంటే రోజుకో మాత్రతో మొదలుపెడదాం, ఆ కబురు పనిచేయకుండా ఆపుతాం. లేకపోతే సీసాలెక్కించే మందులే. పరీక్ష ఆ సంస్థలోనే చేస్తారు. ఒకటే షరతు. ముక్క ఈ నీళ్ళలో డెబ్బై రెండు గంటలకు మించి ఉండకూడదు. మించితే ఉన్న గ్రాహకాలు కూడా లేనట్టే కనిపించవచ్చు. అప్పుడు మళ్ళీ తీయాల్సిందే" అన్నాడు.

ముక్క నీళ్ళలో పడింది సోమవారం పదకొండింటికి. మంగళవారమంతా డాక్టరుగారి ఉత్తరం టైపు చేయడానికి సరిపోయింది. కాబట్టి గడువు గురువారం పదకొండు గంటలు. ఆ సంగతి డబ్బా మీద పెద్దక్షరాలతో రాసి ఉంది.

ఇక్కడ సంస్థ పరిపాలన గురించి రెండు ముక్కలు చెప్పాలి. మూడేళ్ళ కిందట డైరెక్టరుగారు కణం పనితీరు చూసి ఎంతో చలించిపోయి ఒక ఉత్తర్వు జారీ చేశారు. "కోట్ల ఏళ్ళుగా ఒక్క ఫిర్యాదు లేకుండా పనిచేయుచున్న కణమే ఇకమీదట మన కార్యాలయమునకు ఆదర్శము." అప్పటినుంచి సంస్థ అంతా కణం పద్ధతిలో నడుస్తోంది. (కణానికి భోజన విరామం లేదన్న సంగతి ఉత్తర్వులో రాయడం మరిచిపోయారు.)

మొదటి పద్ధతి గేటు దగ్గరే ఎదురైంది. కాపలాదారు కండక్టరమ్మ సంచిని రెండుసార్లు తిరగేసి చూశాడు. ఈలోగా ఒకాయన మెడలో బిళ్ళ వేసుకుని వస్తే, లేచి నమస్కారం పెట్టి లోపలికి పంపాడు.

"ఎవరాయన?"

"ఏమోనమ్మా. బిళ్ళ ఉందిగా."

ఆయన నీళ్ళు శుభ్రంచేసే యంత్రాలు అమ్ముకునే మనిషి. రెండేళ్ళుగా రోజూ వస్తున్నాడు. ఈ మధ్యే ఆయనకు లోపల ఒక బల్ల, కుర్చీ కూడా ఇచ్చారు. (క్యాన్సరు కణం మనవాళ్ళ బిళ్ళే వేసుకుని కాపలావాళ్ళ కళ్ళముందే తిరుగుతుందని మూడో అంతస్తులో కనిపెట్టారు. ఆ వార్త ఇంకా గేటుదాకా దిగలేదు.)

హాల్లో ఏడు కిటికీలు. ఒకటో కిటికీ ఉద్యోగి డాక్టరుగారి ఉత్తరాన్ని ముట్టుకోకుండానే చూశాడు.

"ఇది మా ఆకారం కాదమ్మా."

"ఆకారమేంటి బాబూ? కాగితం కదా?"

"మడతమ్మా, మడత. మీది రెండు మడతలు. మాది మూడు మడతల కిటికీ. గ్రాహకం తనకు సరిపోయే ఆకారం వస్తేనే అందుకుంటుంది."

కండక్టరమ్మ ఉత్తరం విప్పి మూడు మడతలు పెట్టి ఇచ్చింది.

"పాత గీతలు కనిపిస్తున్నాయి" అన్నాడు ఆయన, బాధగానే.

ఎదురుగా ఉన్న దుకాణంలో ఉత్తరాన్ని జిరాక్సు తీయించి తెచ్చాక ముద్ర పడింది. కణంలో కబురు చేతులు మారినప్పుడల్లా అందుకున్నవాడికి ఒక చిన్న గుర్తు తగిలిస్తారట. అలాగే ఇక్కడ ఒక్కో కిటికీలో ఒక్కో ముద్ర. అదీగాక, కణంలో ఒక కబురు లోపలికి వెళ్ళేకొద్దీ వందలవుతుందట. అందుకని రెండో కిటికీలో నాలుగు నకళ్ళు, మూడో కిటికీలో పదహారు అడిగారు. నాలుగో కిటికీ వాళ్ళు ఎన్ని అడుగుతారో జిరాక్సు దుకాణం అతనికి ముందే తెలుసు. కండక్టరమ్మ రోడ్డు దాటుతుండగానే తీయడం మొదలుపెట్టాడు.

నాలుగో కిటికీ దగ్గర ఆమె వంతు వచ్చేసరికి ఉద్యోగి తలుపు దగ్గరకు లాక్కుంటున్నాడు.

"అదేంటండీ, ఇంతమందిమి ఉంటే మూసేస్తున్నారు?"

"అందుకేనమ్మా మూసేది. కబుర్లు ఎక్కువైతే కణం తన గ్రాహకాల్ని లోపలికి లాగేసుకుంటుంది. ఇరవై మంది దాటితే మూయమని రూలు."

"అంటే మా బస్సులో జనం ఎక్కువైతే నేను దిగిపోవాలన్నమాట."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "అది మీ శాఖ ఇష్టం" అని తలుపేసేశాడు.

కొంతమంది విసిగి వెళ్ళిపోయి వరుస ఇరవైకి తగ్గాక తలుపు మళ్ళీ తెరుచుకుంది. సాయంత్రానికి అయిదు ముద్రలయ్యాయి. వదిన ఫోన్ చేసింది.

"ఇచ్చావా?"

"ఇస్తున్నాను వదినా."

"పొద్దున్నుంచీ ఇస్తూనే ఉన్నావా? మీ అన్నయ్య చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి కూడా ఇంతసేపు పట్టదు. నిజం చెప్పు, ఏమన్నా తేడా వచ్చిందా?"

"తేడా ఏం లేదు. ఇంకా రెండు ముద్రలంతే."

అవతల కాసేపు కుట్టుమిషను చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

"మళ్ళీ సూది వద్దు పిల్లా" అంది వదిన. ఈసారి ఆ గొంతులో హాస్యం లేదు.

గురువారం ఎనిమిదింటికల్లా కండక్టరమ్మ వరుసలో మొదటి మనిషి. తొమ్మిదీ నలభైకి ఆరో ముద్ర పడింది. ఏడో కిటికీలో కూర్చున్నావిడ కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసింది.

"అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఫలితం జతచేయలేదు."

"ఏ ఫలితం?"

"ఈ పరీక్ష ఫలితం."

"పరీక్ష చేయమనే కదమ్మా నేనొచ్చింది?"

"నిజమే. కానీ రెండు నెలల కిందట కొత్త రూలు వచ్చింది. కణంలో ఆఖరి ఫలితం వెనక్కి వెళ్ళి మొదటి మెట్టుకు చెప్పాలి. ఇంకా కావాలో, చాలో అని. ఫలితం చూడకుండా మొదలుపెట్టాలో వద్దో మాకెలా తెలుస్తుంది?" అని, ఆవిడ కాగితాలు వెనక్కి ఇచ్చేసింది. చాలా మర్యాదగా ఇచ్చింది, రెండు చేతులతో.

గడియారంలో పదీ పది. కండక్టరమ్మ వెళ్ళి గోడవారనున్న బల్లమీద కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో దారిలో చెడిపోయిన బస్సుల్ని చూసింది, వాగులో ఆగినవాటిని చూసింది. అన్నీ సరిగ్గా ఉండి కదలని బస్సును చూడటం ఇదే మొదలు. వదినకేమని చెప్పాలో తోచక తలెత్తి చూస్తే ఎదుట గోడమీద ఒక పటం ఉంది. బడిపిల్లలు చూడటానికొస్తారని సంస్థవాళ్ళే రంగుల్లో రాయించారు.

"పిల్లలూ! చాలా కబుర్లు కణం గోడ దగ్గరే ఆగి, అక్కడి గ్రాహకాలను బతిమాలుకుంటాయి. కానీ ఈస్ట్రోజెన్ అనే హార్మోను సామాన్యురాలు కాదు. ఆమె గోడ దగ్గర ఆగదు! గోడలోంచి నేరుగా లోపలికి వెళ్ళి, లోపలున్న తన గ్రాహకాన్నే కలుసుకుంటుంది."

కండక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత లేచింది. బస్సుకు వెనుక తలుపొకటి ఉంటుందని ఎవరు మరిచిపోయినా కండక్టరు మరిచిపోదు.

గేటు బయటికొచ్చి, క్యాన్సరు దాటి, మూల తిరిగి, రోగనిరోధక శక్తి పక్కనుంచి భవనం వెనక్కి వెళ్ళింది. అక్కడ ఒక ఇనుప తలుపు, మూసుకుపోకుండా దానికి అడ్డంగా ఇటుక. లోపలివాళ్ళు టీకి వెళ్ళొచ్చే దారి. ఆమె ఇటుక దాటి, చిన్న వసారా దాటి, తెల్ల దీపాలున్న గదిలోకి వెళ్ళింది. తెల్లకోటు వేసుకున్న ల్యాబు అమ్మాయి ఉలిక్కిపడి లేచింది.

"ఎవరండీ మీరు? ఇటువైపు ఎవరూ రాకూడదు."

కండక్టరమ్మ సంచిలోంచి డబ్బా తీసి ముందుకు చాచింది. "ఈస్ట్రోజెన్‌ని" అంది. "మీ గోడమీదే రాశారు కదమ్మా."

ల్యాబు అమ్మాయి ఆమెను చూసింది. డబ్బా మీది అంకెలు చూసింది. గడియారం చూసింది. పదీ ముప్పై అయిదు. ఇంకేమీ అడగకుండా చేతొడుగులు వేసుకుని డబ్బా అందుకుంది.

"రెండు నెలలైందండీ, బయటినుంచి ఒక్క ముక్క కూడా రాక. జనానికి జబ్బులు తగ్గాయేమో అనుకున్నాం. మా డైరెక్టరుగారు దానిమీద వ్యాసం కూడా రాస్తున్నారు."

"తగ్గలేదమ్మా. ఏడో కిటికీ దాకా వచ్చి ఆగారు."

ఎనిమిది రోజుల తర్వాత వదినామరదళ్ళిద్దరూ ఫలితం కోసం వచ్చారు. ల్యాబు అమ్మాయి టీ తాగే వంకతో బయటికొచ్చి కవరు చేతిలో పెట్టింది. "తొంభై శాతం కణాల్లో గ్రాహకాలు ఉన్నాయండీ. మాత్ర పనిచేసే రకమే."

వదిన కవరును రెండు చేతులతో పట్టుకుని, అంచులు సరిగ్గా ఉన్నాయో లేవో చూస్తున్నట్టు చాలాసేపు తడిమింది.

"మాత్రేగా? మళ్ళీ సూది లేదుగా?"

"దీనికోసమైతే లేదు."

"అంటే నా గడ్డకు చెప్పిన మాట అందుతుందన్నమాట. మీ అన్నయ్య కంటే నయమే పిల్లా" అంది వదిన, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

అప్పుడు చూసింది కండక్టరమ్మ. ఇనుప తలుపు దగ్గర ఇటుక లేదు. తలుపు మధ్యలో చదరంగా కోసి కొత్తగా కిటికీ పెట్టారు. రంగు ఇంకా ఆరలేదు.

"మీ సంగతి డైరెక్టరుగారికి తెలిసిందండీ" అంది ల్యాబు అమ్మాయి, చూపు తిప్పుకుని. "ఆయనకు చాలా నచ్చింది. కణం పద్ధతిలో ఇదొక్కటే మిగిలిపోయిందని ఆ రోజే ఉత్తర్వు వేశారు."

కిటికీపైన బోర్డు ఉంది. "ఎనిమిదో కిటికీ. గోడలోంచి నేరుగా లోపలికి వెళ్ళువారు ఇక్కడ వరుసలో నిలబడవలెను."

వరుస అప్పటికే మూల తిరిగింది. అందరికంటే ముందున్న ముసలాయన చేతిలో ప్లాస్టిక్ డబ్బా. "టైమెంతైందమ్మా?" అని అడిగాడు. కండక్టరమ్మ చెప్పింది. ఆయన డబ్బా మీది అంకెలకేసి, కిటికీకేసి మార్చి మార్చి చూశాడు.

అలవాటు కొద్దీ ఆమె వరుసలో తలలు లెక్కపెట్టింది. ఇరవై ఒకటి.

కిటికీ, రూలు ప్రకారం, మూసే ఉంది.