చిరిగిన గ్లౌజులకు తగిన మాట

ఒక దేశం గొప్పతనం దాని గుమాస్తాలకు ఎన్ని అరుదైన ఇంగ్లీషు మాటలు వచ్చో దాన్నిబట్టి తెలుస్తుంది. ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించిన విద్యుత్ శాఖ 'పదసంపద విస్తరణ విభాగం' తెరిచింది. ఇకమీదట ప్రతి అర్జీలోనూ ఒక అరుదైన ఇంగ్లీషు మాట, పక్కనే దాని అర్థం ఉండితీరాలి. ఒకరు వాడిన మాట ఇంకొకరు వాడకూడదు. (ఎంగిలి మాట చెల్లదు.)

స్తంభాలెక్కే లైన్‌మాన్‌కు ఈ సంగతి తెలియదు. అతని రబ్బరు గ్లౌజులు చిరిగి, కుడిచేతి బొటనవేలు గుడ్డులోంచి కోడిపిల్లలా తొంగిచూస్తోంది. కరెంటుకు మొహమాటం ఉండదు గనక భయమేసి, కొత్తవి ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు.

పెద్దగుమాస్తా దాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "ఇందులో అరుదైన మాటేదయ్యా?"

"చిరిగిపోయాయండీ. వేలు బయటికొచ్చేసింది."

"చిరగడం అందరికీ తెలిసిందే. తెలియనిది రాయి."

ఇంట్లో భార్య నిఘంటువు ముందేసుకుని కూర్చుంది. "ఇదిగోండి, 'డిలాపిడేటెడ్'. శిథిలమైన అని అర్థమట." రాశాడు. అర్జీ మర్నాడే తిరిగొచ్చింది. ఆ మాటను ఆఫీసు డ్రైవరు తన జీపు కోసం అప్పటికే రిజిస్టరు చేయించుకున్నాడు. పీలికలైన అనే అర్థంలో 'ట్యాటర్డ్' రాస్తే అదీ చెల్లలేదు, ఏడో తరగతి పాఠంలో ఉందట. (విభాగం అన్ని తరగతుల పుస్తకాలూ తెప్పించి బీరువాలో పెట్టింది. కొత్త గ్లౌజులు అదే బీరువాలో, పుస్తకాల వెనక ఉన్నాయి.)

"మాట దొరికేదాకా స్తంభం ఎక్కకండి. సెలవు పెట్టండి," అంది భార్య.

"సెలవు అర్జీకి ఇంకో మాట కావాలే," అన్నాడతను.

మూడో మాట వెతుకుతున్న రోజుల్లోనే, పట్టపగలు, స్తంభం మీద కరెంటు ఆ బొటనవేలిని పలకరించింది. నడుముకు కట్టుకున్న తాడు ప్రాణం కాపాడింది గానీ అరచెయ్యి కాలిపోయింది.

భార్య ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది. "మా ఆయన చెయ్యి కాలిపోయిందండీ! వైద్యానికి మీరే ఏదో ఒకటి చెయ్యాలి."

"అయ్యో, ఎంత పని జరిగిందమ్మా!" పెద్దగుమాస్తా కళ్లు చెమర్చాయి. మనిషి చెడ్డవాడు కాదు, నిజంగానే బాధపడ్డాడు. తెల్లకాగితం ఒకటి ఆమె ముందుకు జరిపాడు. "ఒక అర్జీ రాసివ్వు తల్లీ. 'యాక్సిడెంట్' అని మాత్రం రాయకు, మరీ మామూలు మాట."

ఆమె ఆ కాగితాన్ని నిలువునా చింపి బల్లమీద పెట్టింది. "దీన్నేమంటారో మీరే రాసుకోండి," అని వెళ్లిపోయింది.

ఆ ఏటి నివేదికలో శాఖ రెండు ఘనతలు ప్రకటించుకుంది. కొత్తగా చేరిన మాటలు నాలుగువందల పన్నెండు. ప్రమాదాలు సున్నా.