హార్లన్ టిడ్వెల్ జింకల చేను

హార్లన్ టిడ్వెల్‌కు వదినగారంటే భయం లేదు. వదినగారి నోరంటేనే భయం. ఆ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయన్నదే అతని బాధ.

వదిన వర్నీస్, అంటే భార్య ఓలీటాకు అక్క. మొగుడు పోయాక పట్నంలో ఒంటరిగా ఉంటోంది. ఆమెది చక్రాల మీద లాక్కెళ్లే రేకుల ఇల్లు. దాన్ని తెచ్చి చెల్లెలి ఇంటి వెనక చేలో దింపుకుంటానని రెండేళ్లుగా అంటోంది. ఆ చేను అక్కచెల్లెళ్ల తండ్రిది, వాటాల్లో ఓలీటాకు వచ్చింది. ఆమె సరే అంటే కాదనడానికి హార్లన్‌కు ఏ హక్కూ లేదు. అల్లుడికి మామగారు వదిలిపోయింది ఒక రంపం, దానికీ పళ్లు లేవు.

కాని అమెరికాలోని ఆ ఓజార్క్ కొండల్లో హార్లన్‌కంటూ ఉన్న నిశ్శబ్దమంతా ఆ చేలోనే ఉంది. చేను చివర ఓక్ చెట్టు మీద అతని మంచె. ఏటా నవంబరులో తుపాకీ ఒళ్లో పెట్టుకుని అక్కడ కూర్చుంటాడు. కొన్నేళ్లు జింకలు వస్తాయి, కొన్నేళ్లు రావు. రాకపోయినా పెద్దగా దిగులుపడడు. అక్కడ ఎవరూ మాట్లాడరు, అది చాలు.

వర్నీస్ ఫోన్ చేస్తే ఓలీటా దాన్ని బల్ల మీద పెట్టి, పిండి కలిపి, రొట్టె కాల్చి, గిన్నెలు కడిగి వచ్చి ఒక్క "ఊ" అంటుంది. అవతల కథ ఇంకా మొదటి మలుపు కూడా తిరిగి ఉండదు. ఫోనులోనే ఇంత ఉంటే కిటికీ ఎదుట ఎంత ఉంటుందోనని హార్లన్ లోపల్లోపల వణికేవాడు.

అందుకే ఏప్రిల్లో ఒక రోజు భోజనాల దగ్గర తన పథకం బయటపెట్టాడు. వెనక చేలో జింకల కోసం మేత పండిస్తానన్నాడు.

"అడవి నిండా మేతే కదా," అంది ఓలీటా.

"అడవి మేత తిన్న జింక అడవిలోనే ఉంటుంది. మన మేత మరిగింది మన చేలోకి వస్తుంది. నవంబరులో ఒక్కటి కొట్టానంటే చలికాలమంతా మాంసం."

"అంటే వేసవంతా కూర్చోబెట్టి భోజనం పెట్టి, ఆఖర్న కాలుస్తావన్నమాట."

"అలా అంటే బాగోదు."

"ఎలా అంటే బాగుంటుందో నువ్వే చెప్పు, అలాగే అంటాను."

చివరికి ఒప్పందం ఓలీటాయే తేల్చింది. ఈ నవంబరు వేట సీజన్లో ఆ చేలో ఒక్క జింక కొడితే చేను అతనిది, అక్కకు తనే నచ్చజెప్పుకుంటుంది. కొట్టకపోతే క్రిస్మస్‌కు వర్నీస్ ఇల్లు అక్కడ దిగుతుంది. హార్లన్ వెంటనే సరేనన్నాడు. వానలు పడతాయన్న నమ్మకం ఆ పూటకు అతనికి గట్టిగానే ఉంది.

విత్తనాల కొట్టు యజమాని డబ్ ఒక సంచి చేతిలో పెట్టాడు. సంచి మీద చెట్టంత కొమ్ముల జింక బొమ్మ. లోపల మాత్రం ఆవగింజల్లాంటి గింజలు. ఈ క్లోవర్ గడ్డి వేస్తే పక్క జిల్లా జింకలు కూడా దారి అడుక్కుంటూ వస్తాయన్నాడు డబ్. హార్లన్ దున్నాడు, సున్నం చల్లాడు, విత్తాడు. క్లోవర్ మొలిచింది. చేను పచ్చగా, లేత చెవుల్లా ఆకులేసి నవ్వింది. అది చూసి వాన ఆగిపోయింది.

మే నెలంతా చుక్క లేదు. జూన్ మొదటికి క్లోవర్ చాపలా ఎండిపోయింది. బొబ్బర్లు ఎండకు తట్టుకుంటాయని డబ్ మళ్లీ ఒక సంచి ఇచ్చాడు. ఒక చిన్న జల్లుకు అవి నిజంగానే మొలిచాయి. రెండాకులు వేశాయో లేదో జింకలు వచ్చి మొదలంటా కొరికేసి వెళ్లాయి. పిలిచిన భోజనానికి వంట పూర్తికాకముందే వచ్చి పిండి తినేసిన చుట్టాల్లాగా.

"వచ్చాయి కదా మరి," అంది ఓలీటా ఓదార్పుగా.

"నవంబరులో రమ్మన్నాను."

జూలైలో ఒక సాయంత్రం నిజంగా మబ్బు పట్టింది. ఉరిమింది. హార్లన్ టోపీ తీసి నిలబడ్డాడు. వాన రోడ్డు దాకా వచ్చింది. రోడ్డుకు అవతల, గడ్డి అప్పటికే కోసేసిన పొలంలో, బాగా కురిసింది. ఇవతల దుమ్ము కూడా అణగలేదు. హార్లన్ తడవని టోపీ మళ్లీ నెత్తిన పెట్టుకుని ఇంట్లోకి వచ్చాడు.

ఆదివారం చర్చిలో వాన కోసం ప్రార్థన చేశారు. పశువులకు గడ్డి లేదని ఒకరు, బావి అడుగంటిందని ఒకరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నీకేం కావాలి హార్లన్ అని పాస్టరుగారు అడిగితే, తను చంపబోయే జింకలకు మేత కావాలని చెప్పడానికి నోరు రాలేదు. అందరితో పాటేనండి అని తల దించుకున్నాడు. అప్పటినుంచి వాన పడకపోవడంలో తన తప్పూ కొంత ఉందేమోనని అనుమానం పట్టుకుంది.

ఆగస్టులో ఆఖరి అవకాశంగా టర్నిప్ దుంపల విత్తనాలు చల్లాడు. ఈసారి వాననూ దేవుణ్ణీ నమ్ముకోలేదు. ఓలీటా పాటల సాధనకు చర్చికి వెళ్లినప్పుడల్లా ఇంటి బోరు నుంచి పీపాల్లో నీళ్లు పట్టి, ట్రక్కులో చేనుకు తోలి, బకెట్లతో పోసేవాడు. ఎవరికీ తెలియదనుకున్నాడు. కాని జింకల రాకపోకలు చూడటానికి చెట్టుకు కట్టిన కెమెరా, కదిలినదాన్నల్లా ఫొటో తీసి ఫోనుకు పంపుతుంది. ఇంట్లో ఫోన్లు రెండూ ఓలీటా పేరు మీదే ఉన్నాయి, ఒకదానికి వచ్చిన ఫొటో రెండోదానికీ వస్తుంది.

"నీ చేలో ఒక జంతువు రోజూ తిరుగుతోంది," అంది ఓలీటా ఒక ఉదయం ఫోను చూస్తూ. "ముసలిది. కొమ్ముల్లేవు. బకెట్ మోస్తోంది."

హార్లన్ కాఫీ కప్పు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె ఆ రోజు అంతకుమించి ఏమీ అనలేదు. అనాల్సిందంతా మరుసటి వారం అంది. బట్టల మిషను నిండా సబ్బునురగ ఉండగా కొళాయి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. హార్లన్ చొక్కాలు సబ్బుతోనే ఆరి, తీగ మీంచి తీస్తే మనిషి లేకుండానే నిలబడ్డాయి. బోరు కోలుకునేదాకా స్నానాలు వర్నీస్ ఇంట్లో చేయాల్సివచ్చింది. అక్కడ తలుపు అవతల నిలబడి కూడా ఆమె మాట్లాడుతూనే ఉంది.

ఆ నెలలోనే హార్లన్ చర్చి వెనక హాల్లో కొత్త వేటగాళ్లకు క్లాసు చెప్పాడు. పోస్టు బండి నడిపి రిటైరైనప్పటినుంచి ఏటా చెబుతున్నాడు. తుపాకీ ఎలా పట్టుకోవాలి, చట్టం ఏమంటుంది. చేలో మొలిచిన పైరు దగ్గర వేటాడవచ్చు. తెచ్చి పోసిన తిండి దగ్గర వేటాడకూడదు. పోసింది ఊడ్చి ఎత్తేసినా సరే, పది రోజులదాకా అక్కడ తుపాకీ ఎత్తకూడదు. ఈ మాట దగ్గర హార్లన్ ఎప్పుడూ వేలు పైకెత్తుతాడు. ఎవరూ చూడకపోయినా చట్టం చట్టమే అంటాడు. ఓలీటా వెనక బల్ల దగ్గర కూర్చుని బిస్కెట్లు పంచుతుంది.

సెప్టెంబరు ఆఖరుకు టర్నిప్ ఆకులు ఎలుక చెవులంత ఉన్నాయి. దుంపలు లేవు. ఒకటి పీకి చూస్తే వేరు మాత్రం వచ్చింది, అదీ నొచ్చుకుంటున్నట్టు వచ్చింది. హార్లన్ ట్రక్కు వెనక పలక మీద కూర్చుని చాలాసేపు నేల బీటల్ని చూశాడు. క్రిస్మస్ నుంచి చచ్చేదాకా ప్రతి ఉదయం ఎలా గడుస్తుందో వరసగా కళ్లకు కట్టింది. ఆ ఎలుక చెవుల మీద మాత్రం, పొద్దున్న కదా, ఒక్కో మంచుబొట్టు నిలిచి ఉంది. అంతవరకూ ఎవరో దయ తలిచారు.

అక్టోబరు వచ్చింది. వేట తెలిసినవాళ్లెవరూ ఆ నెలలో తమ చేలో అడుగుపెట్టరు. మనిషి వాసన తగిలితే జింకలు తిరిగి రావు. హార్లన్ ఆ నియమం కఠినంగా పాటించాడు. వాసన లేని సబ్బుతో స్నానం చేశాడు. వేటబట్టల్ని ఎండాకుల సంచిలో దాచాడు.

"నలభై ఏళ్లుగా ఆ వాసనతోనే కాపురం చేస్తున్నాను," అంది ఓలీటా. "నేనెక్కడికీ పారిపోలేదు."

ఆ నెలలోనే అద్భుతం జరిగింది. కెమెరా ఫొటోలు పంపడం మొదలుపెట్టింది. ముందు ఒక బక్క జింక, దాని వెనక పిల్ల. తర్వాత నాలుగు. తర్వాత ఒక పెద్ద మగజింక, పాస్టరుగారి కంటే గంభీరంగా నడుస్తూ. దాని కొమ్ములు చూసి హార్లన్ దానికి బిషప్పుగారని పేరు పెట్టాడు. విత్తనాల కొట్టుకు వెళ్లి అందరికీ ఫొటోలు చూపించాడు. అంత కరువులో నీ ఒక్కడికే ఎలా పండిందని డబ్ అడిగితే, కొంత నేల, కొంత చెయ్యి అని చెప్పాడు. తన సంచికి దక్కాల్సిన పేరు చేతికి పోయిందని డబ్ నొచ్చుకున్నాడు.

"అన్నీ ఒకే వైపు నడుస్తున్నాయేం?" అంది ఓలీటా ఫొటోలు తిప్పుతూ. "ఒక్కటీ తల దించలేదు."

"కెమెరా అంటే సిగ్గు."

"ఓహో," అంది ఓలీటా.

శనివారాలు వర్నీస్ వచ్చేది. చర్చి సంత కోసం అక్కచెల్లెళ్లిద్దరూ వంటింట్లో గంపలకొద్దీ ఆపిల్స్ చెక్కు తీసి జామ్ కాచేవాళ్లు. హార్లన్ వాళ్లకు దూరంగా, గ్యారేజీలో, తుపాకీ తుడుచుకుంటూ కూర్చునేవాడు. తుడిచిందే తుడిచేవాడు.

నవంబరులో సీజను మొదలైన ఉదయం, ఇంకా తెల్లవారకముందే, వాగు పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్లి మంచె ఎక్కాడు. తూర్పు బూడిదరంగు తిరిగింది. బిషప్పుగారు వేంచేశారు. నిదానంగా టర్నిప్‌ల మీదుగా, వాటిని చూడనైనా చూడకుండా నడిచి, కెమెరాకు వెనక, కంచె మూలకు వెళ్లి తల దించారు. తుపాకీకి అంత దగ్గరలో అంత పెద్ద జింక హార్లన్ బతుకులో ఎన్నడూ నిలబడలేదు.

హార్లన్ తుపాకీ ఎత్తాడు. దాని మీది గురి అద్దంలోంచి చూశాడు. బిషప్పుగారి నోటినుంచి ఎర్రటి రిబ్బను ఒకటి వేలాడుతోంది.

ఆపిల్ చెక్కు.

అద్దం కొంచెం కిందికి దించాడు. కంచె మూల మోకాలెత్తున చెక్కులు, గింజలున్న నడిమి ముక్కలు. కొన్ని పాతవి, కొన్ని నిన్నటివి. నెలరోజులుగా జింకలు తన చేనుకు రాలేదు. తన చేను మీదుగా తన భార్య వంటింటి చెత్తకు వెళ్తున్నాయి.

చుట్టూ చూశాడు. మైళ్ల దూరంలో మనిషి లేడు. ఒక్క వేలు వంచితే చేను అతనిది. బిషప్పుగారు తల ఎత్తి, నములుతూ, సరిగ్గా మంచె వైపే చూశారు. హార్లన్‌కు తన గొంతే చెవుల్లో వినిపించింది, వేలు పైకెత్తి మరీ చెబుతున్న గొంతు. ఆ గొంతును అతను అంత అసహ్యించుకున్నది ఎప్పుడూ లేదు. తుపాకీ దించి, గుళ్లు తీసి జేబులో వేసుకుని, మంచె దిగాడు. బిషప్పుగారు కంగారు పడలేదు. కొత్త చెక్కు అందుకున్నారు.

వంటింట్లో ఓలీటా, నిన్ననే వచ్చి రాత్రి ఉండిపోయిన వర్నీస్ కూర్చుని ఉన్నారు. ఎదుట కాఫీలు నిండుగా, చల్లారిపోయి ఉన్నాయి.

"చెక్కులు," అన్నాడు హార్లన్.

"ఆ తల్లీపిల్లా సెప్టెంబరులో మెట్ల దాకా వచ్చాయి," అంది ఓలీటా. "డొక్కలు లెక్కపెట్టొచ్చు. నీ చేలో ఏముంది పెట్టడానికి? మొదట వాటి కోసమే పోశాను."

"తర్వాత?"

ఓలీటా అక్క వైపు చూసింది. వర్నీస్ తన జీవితంలో మొదటిసారి మాట అందుకోకుండా కిటికీలోంచి బయటికి చూసింది.

"నీ క్లాసు అన్నేళ్లు విన్నాను కదా," అంది ఓలీటా. "తెచ్చి పోసిన తిండి దగ్గర నువ్వు కాల్చవని నాకు తెలుసు."

"కాల్చి ఉంటే? ఎవరు చూశారక్కడ?"

"అదే భయం. పొద్దుటినుంచి ఇద్దరం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం, కాఫీ గొంతు దిగలేదు. తుపాకీ మోగి ఉంటే..." ఓలీటా చల్లటి కప్పు పక్కకు జరిపింది. "చేను పోతే పోనీ. నలభై ఏళ్లుగా ఎవరితో ఉన్నానో తెలియకుండా పోయేది."

ఓడిపోయినవాణ్ణి పొగిడితే తిరిగి పోట్లాడలేడు. అది కూడా ఆమెకు తెలుసు.

"మంచోడివే మరిదీ," అంది వర్నీస్. "మా ఆయనైతే ముందు కాల్చి తర్వాత చెక్కులు ఊడ్చేవాడు. రా మరి, ఇల్లు ఎక్కడ దింపాలో గుర్తులు పెడదాం."

చెక్కులు ఎత్తేసి పది రోజులు ఆగితే సీజనే దాటిపోతుంది. అందుకే సీజను మొదటిరోజే హార్లన్ మేకులు, తాడు పట్టుకుని చేనుకు నడిచాడు. పక్కన వర్నీస్. వంటిల్లు అటు ఉండాలని, వరండా ఇటు ఉండాలని, తన మోకాలి నొప్పి ఏ వైపు గాలికి ఎక్కువవుతుందో, దాని గురించి డాక్టరు ఏమన్నాడో, డాక్టరు భార్య ఎలాంటిదో చెబుతూ వచ్చింది. హార్లన్ "ఊ" అనడం అభ్యాసం చేయసాగాడు. ఇంక బతుకంతా ఇదేనని మనసుకు అర్థమైంది. మనసు కూడా "ఊ" అంది.

చేను గట్టు దగ్గర వర్నీస్ ఆగిపోయింది.

కంచె మూల తల్లీపిల్లా చెక్కులు తింటున్నాయి. పిల్ల పెదవికి చెక్కు అంటుకుంటే తల్లి నాకి తీసింది. వర్నీస్ నోరు ఏదో మాట మధ్యలో తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. గాలి చప్పుడు వినిపించింది. ఎండిన టర్నిప్ ఆకుల గలగల వినిపించింది. హార్లన్ మేకుల్ని కూడా చప్పుడు కాకుండా పట్టుకున్నాడు. జింకలు తింటున్నంతసేపూ ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

అవి తినడం అయిపోయి కంచె దూకి వెళ్లాయి. వర్నీస్ ఊపిరి పీల్చుకుని డాక్టరు భార్య దగ్గరనుంచి మళ్లీ అందుకుంది.

హార్లన్ తాడూ మేకులూ అక్కడే పడేసి, గబగబా ఇంటికి వచ్చి, వంటింటి తలుపులోంచి తల లోపలికి పెట్టాడు.

"ఓలీటా," అన్నాడు గొంతు తగ్గించి, "ఆపిల్స్ ఇంకా ఎన్ని గంపలున్నాయి?"