చేపను ముద్దాడే మగవాడి ఇల్లాలు

పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేసే మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలి. నేను పెట్టి పుట్టాను. ఆ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను.

మీరే ఆలోచించండి. మా అత్తగారు ఆర్డెల్ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, మామగారు బకెట్ నిండా చేపలు తెచ్చి వంటగది గుమ్మంలో పెట్టేవారట. ఆవిడ పొలుసు గీకాలి, పేగులు తీయాలి, కడగాలి, వేయించాలి. జుట్టులో పొలుసులు మెరుస్తుండగానే చర్చికి వెళ్ళిన ఆదివారాలు ఉన్నాయట. నా చేతులు చూడండి! ఇన్నేళ్ళ కాపురంలో మొన్నటిదాకా ఒక్క పొలుసు అంటలేదు. మా వంటగదికి నిమ్మ సబ్బు వాసన తప్ప మరో వాసన తెలియదు. దీన్ని నాగరికత అనక మరేమంటారు?

మా ఆయన రోలండ్‌ది ఫ్లై ఫిషింగ్. అంటే, వానపాముతో చేపను మోసం చేయడం నీచమనీ, ఈకలూ వెంట్రుకలూ కొక్కేనికి చుట్టి పురుగులా తయారుచేసి మోసం చేయడం కళ అనీ నమ్మే మతం. ఈ మతం వల్ల ఇంటికి ఎంత లాభం! పాత సామాన్లు పేరుకుపోవు. నా మంచి టోపీకి ఉన్న ఈకలు పోయిన వసంతంలోనే సరస్సు పాలయ్యాయి. ఇప్పుడది తల మీద ఉన్నట్టే ఉండదు. మా కుక్క తోక వెంట్రుకలదీ అదే దారి. సరస్సు మీద మంచుగడ్డ కరిగిందని రేడియోలో చెప్పగానే అది సోఫా కిందికి దూరి తోక దాచుకుంటుంది. వసంతం వచ్చిందని తెలుసుకోవడానికి మాకు క్యాలెండర్ అవసరం లేదు.

మా విస్కాన్సిన్ సరస్సులకి ఈ కాలంలో ఒక గొప్ప గుణం ఉంది. చేపలన్నీ ఎండ తగిలే ఒడ్డువారకి చేరతాయి. గాలం విసిరితే ఏది తగులుతుందో తెలియదు. బాస్ కావచ్చు, క్రాపీ కావచ్చు, అరచేతంత బ్లూగిల్ కావచ్చు. నా టోపీ ఈకతో సహా దారాన్ని పటుక్కున కొరుక్కుపోయే పైక్ కూడా కావచ్చు. ఏదొస్తుందో తెలియకపోవడంలోనే అసలు ఆనందం ఉందని మా ఆయన అరమోడ్పు కన్నులతో చెబుతారు. ఆ తాత్త్వికుడే ఇంటికొచ్చి, గిన్నె మూత తీసి, "ఇదేమిటి, ప్రతి గురువారం మీట్‌లోఫ్ వండుతావు కదా?" అంటారు. అంత తత్త్వం సరస్సులో పడుతుంది గాని గిన్నెలో ఎలా పడుతుంది?

చేప దొరికాక చూడాలి ఆయన్ని! ముందు చేతులు తడుపుకుంటారు. పొడిచేతులతో ముట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పోయి జబ్బు చేస్తుందట. రెండు చేతులతో పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుతారు. కళ్ళలోకి చూస్తారు. ఎంత అందంగా ఉన్నావో అంటారు. నుదుటి మీద ఓ ముద్దు. ఆ తర్వాత నీళ్ళలో పట్టుకుని, దానికి ఊపిరి కుదుటపడేదాకా ఓపికగా ఆగి, అప్పుడు వదులుతారు. పడవలో రెండో సీటు ఆయన చిన్ననాటి స్నేహితుడు డ్వెయిన్‌ది కాబట్టి, ఇదంతా నేను ఒడ్డున కుర్చీ వేసుకుని బైనాక్యులర్స్‌లో చూసి ఆనందిస్తాను. మాటలకేం, నీటి మీద ఎంత దూరమైనా వినిపిస్తాయి. ఇంత సున్నితమైన మగవాడు ఎంతమందికి దొరుకుతాడు చెప్పండి?

హాల్లో మా పెళ్ళి ఫోటో ఉండే చోట ఇప్పుడు ఆయన ఒక బాస్ చేపను ఎత్తుకున్న ఫోటో ఉంది. ఆయన నవ్వు మాత్రం అప్పటికంటే బాగా పడింది.

ఇక శుక్రవారం సంగతి. మా ఊళ్ళో శుక్రవారం సాయంత్రం చేపల వేపుడు తినని మనిషిని అనుమానంగా చూస్తారు. అందుకని పొద్దుటినుంచి చేపల్ని వదిలి వదిలి అలసిపోయిన మా ఆయన, నేను, అత్తగారు చర్చి హాల్లో లైన్ కడతాం. అక్కడ వేయించేది ఏ సముద్రంలోనో పట్టి, గడ్డకట్టించి, లారీలో తెచ్చిన కాడ్ చేప. సొంత సరస్సు చేపకు ప్రాణదానం, ఊరూ పేరూ తెలియని చేపకు మరిగే నూనె! పొరుగువాణ్ణి ప్రేమించమన్నారు గాని, సముద్రంలో ఉన్నవాణ్ణి ప్రేమించమని ఎవరన్నారు?

ఈ చక్కటి ఏర్పాటులో లోటు కనబడింది అత్తగారికొక్కరికే. ఆవిడకి ఎనభై దాటాయి. సరస్సు మీద మంచు కరిగిన దగ్గర్నుంచి ఒకటే కోరిక: వెన్నలో వేయించిన మన సరస్సు బ్లూగిల్, ఒక్క ప్లేటు. వచ్చే వసంతానికి ఉంటానో ఉండనో అని ఏటా బెదిరిస్తారు. ఈ ఏడాది ఆ బెదిరింపు కూడా మానేశారు. అదే నాకు నచ్చలేదు.

మొన్న శుక్రవారం లైన్లో మళ్ళీ అడిగారు. చేప మనకు ఆహారం కాదనీ, ఆటలో భాగస్వామి అనీ, దాన్ని వదిలేయడమే క్రీడాధర్మమనీ మా ఆయన ట్రే పట్టుకుని ఉపన్యసించారు.

"ముద్దు కూడా పెడతావటగా?" అన్నారు అత్తగారు.

"అది గౌరవం అమ్మా."

"మీ నాన్న చేపను వేయించుకు తిని, నన్ను ముద్దు పెట్టుకునేవాడు. నువ్వెక్కడో తిరగేశావురా నాయనా."

వడ్డిస్తున్న పాస్టర్ గారి గరిటె గాల్లో ఆగిపోయింది. మా వెనక నిలబడ్డ డ్వెయిన్ క్యాబేజీ సలాడ్ వైపు చాలా శ్రద్ధగా చూడసాగాడు. మా ఆయన ఆ పూట ప్లేట్లో సగం వదిలేశారు. వదిలేయడం ఆయనకు అలవాటే అనుకోండి.

మర్నాడు మధ్యాహ్నం వంటగది గుమ్మంలో ఒక బకెట్ కనిపించింది. అందులో బ్లూగిల్స్. మా ఆయన మొహం పక్కకు తిప్పుకుని, "అమ్మకి," అన్నారు. పొలుసు నేనే గీకాను. చేపకు ఊపిరి పోయడం తెలిసిన ఆయనకు పొట్ట కోయడం తెలియదని అప్పుడు బయటపడింది.

అత్తగారు నిదానంగా, ముళ్ళు ప్లేటు అంచున పేర్చుకుంటూ తిన్నారు. చివర్న వేళ్ళు నాక్కుని, "ఉప్పు తగ్గింది అమ్మాయ్," అన్నారు. "వచ్చే ఏడాది చూసి వెయ్యి."

నేను సింకు వైపు తిరిగి నిలబడ్డాను. జుట్టు నిండా పొలుసులు. కాసేపటికి మా ఆయన పక్కకొచ్చి పంపు తిప్పారు. రెండు చేతులూ తడుపుకున్నారు. నా మొహం ఆ చేతుల్లోకి తీసుకుని, కళ్ళలోకి చూసి, నుదుటి మీద ముద్దు పెట్టారు. నేను కదల్లేదు. గింజుకునే చేపను త్వరగా వదిలేస్తారని ఇన్నేళ్ళుగా వింటున్నాను కదా!

బయట డ్వెయిన్ ట్రక్కు హారన్ మోగింది.

మా ఆయన నాకు ఊపిరి కుదుటపడేదాకా ఆగి, ఎక్కడా చిన్న గీటు కూడా పడకుండా, ఎంతో సున్నితంగా నన్ను వదిలేశారు. క్రీడాధర్మమంటే అదే మరి.