గవర్రాజు హాల్లో విమానాశ్రయం

విరిగిన రెక్క అతికిద్దామని గవర్రాజు తన బొమ్మ విమానాన్ని భోజనాల బల్ల మీద పెట్టిన మర్నాడే, కాకినాడలోని ఆయన ఇల్లు విమానాశ్రయమైపోయింది. ఇందులో వింతేమీ లేదు. నిబంధనల ప్రకారం విమానాన్ని నిలిపి మరమ్మతు చేసే చోటు విమానాశ్రయమే. విమానం ఎంత పెద్దదై ఉండాలన్నది ఎక్కడా రాయలేదు. అది చంకలో ఇమిడే రిమోటు విమానం బాబూ, పార్కులో కొబ్బరిచెట్టుకు గుద్దుకుందీ అని గవర్రాజు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. విమానయాన శాఖ పంపిన మేనేజరు కోదండపాణి ఎంతో సానుభూతిగా విని, దేవుడి గదిలో కౌంటరు తెరిచాడు.

మధ్యాహ్నానికల్లా హైదరాబాదు వెళ్లే ప్రయాణికులు సూట్‌కేసులతో దిగబడ్డారు. సోఫా నిండిపోయింది. మిగతావాళ్లు చాపలు పరుచుకున్నారు. గవర్రాజు భార్య మంగతాయారు తన వంటింట్లోకి తాను వెళ్లాలన్నా చేతులు చాపి తనిఖీ చేయించుకోవాల్సిందే. పోపు వేస్తుండగా చేతిలోని గరిటెను ఆయుధం కింద జమకట్టి లాక్కున్నారు. కూర మాడినందుకు మాత్రం ఎవరూ పూచీ పడలేదు.

"ఈ పీడ ఎప్పుడు వదుల్తుందండీ?" అంది ఆవిడ, ఏడుపొక్కటే తక్కువగా.

"విమానం ఎగిరిందంటే వీళ్లూ పోతారే. మన ఇల్లు మనకొచ్చేస్తుంది," అన్నాడు గవర్రాజు. ఆయనకిప్పుడు విమానం మీద మోజు లేదు. తన ఇల్లు తనకు దక్కితే అదే పదివేలు.

తిండి మానేసి పనిలో పడ్డాడు. విమానం థర్మకోలుది. దానికి నిదానంగా ఆరే జిగురే పూయాలి. క్షణంలో పట్టేసే జిగురు పూస్తే థర్మకోలు కరిగిపోతుంది. ఈ సంగతి మేనేజరుకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. తీరా ఆయన స్నానం చేసి వచ్చేసరికి, ప్రయాణికుల పోరు పడలేక కోదండపాణి ఆ జిగురే పూసేసి ఉన్నాడు. రెక్కలో కాకినాడ కాజా పట్టేంత కన్నం పడింది.

"మహానుభావా, మీకు దణ్ణం పెడతాను, దాని మీద చెయ్యెయ్యకండి!" అని గవర్రాజు అరిచాడు. కోదండపాణి ఏమీ నొచ్చుకోలేదు. సాంకేతిక కారణాల వల్ల ఆలస్యమని మైకులో ప్రకటించాడు. ఆ మాట చెవిన పడగానే ప్రయాణికుల ముఖాలు తేటపడ్డాయి. ఇది అసలైన విమానాశ్రయమేనని వాళ్లకు అప్పుడు నమ్మకం కుదిరింది.

కొత్త రెక్క కోసి, అతికించి, ఆరబెట్టేసరికి గవర్రాజు తల ప్రాణం తోకకొచ్చింది. ఆదివారం పొద్దున్నే చెప్పులేసుకుని డాబా ఎక్కి విమానం వదిలాడు. కింద హాల్లో ప్రయాణికులు సీటు బెల్టుల బదులు తువ్వాళ్లతో నడుములు బిగించుకుని కూర్చున్నారు. విమానం వీధి మీద ఒక చుట్టు తిరిగొచ్చి, డాబా మీద దిగుతూ ముందు చక్రం విరగ్గొట్టుకుంది. అదింకా ఆగనైనా ఆగలేదు, హాల్లో అందరూ ఒక్కసారిగా లేచి సామాన్ల మీద పడ్డారు. "హైదరాబాద్ వచ్చేశాం" అని ఇళ్లకు ఫోన్లు చేసుకుంటూ వీధిలోకి నడిచారు.

"ఓరి నాయనల్లారా, ఇది కాకినాడేరా!" అని గవర్రాజు పిట్టగోడ మీంచి కేకలు పెట్టాడు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. పోతే పోయారు, పీడా వదిలిందనుకుని కిందికి దిగాడు.

"మేనేజరు గారూ, ఇక మీరు కూడా బయల్దేరండి. మా ఇల్లు మాకొదిలెయ్యండి."

"మీ ఇల్లెక్కడండీ?"

"కాకినాడే కదండీ!"

"ఇది హైదరాబాదండి. ఇందాకే దిగాం. మీరు ఇంటికెళ్లాలంటే తిరుగు విమానం ఎక్కాలి."

"చక్రం విరిగి చచ్చిందయ్యా! బాగుచేసేదెవరు?"

"మీరే చెయ్యాలండి. కాకపోతే ప్రయాణికుల్ని విమానం దగ్గరికి వెళ్లనివ్వం."

గవర్రాజుకు ఒళ్లు మండిపోయింది. నువ్వైనా చెప్పవే అన్నట్టు భార్య వైపు తిరిగాడు. మంగతాయారు అప్పటికే పట్టుచీర కట్టుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని సోఫా చివర కూర్చుని ఉంది.

"రండి, మళ్లీ చోటు దొరకదు," అంది మెల్లిగా. "ఎవరితోనూ గొడవ పెట్టుకోకండి. అసలే ఊరుకాని ఊరు."

గవర్రాజు అలవాటుగా చెప్పులు విప్పబోయాడు. మన ఇల్లు కాదు కదా అని మానేసి, వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాడు.