రెండు గింజల అర్జీ

జిల్లా ఆఫీసులో అర్జీలన్నీ వేరుశనగ తొక్కలోనే పెట్టి ఇవ్వాలన్న నియమం వచ్చి అప్పటికి మూడేళ్ళయింది. చాంతాడంత సంగతిని నాలుగు ముక్కల్లో చెప్పమనడానికి ఇంగ్లీషువాళ్ళు ‘ఇన్ ఎ నట్‌షెల్’ అంటారట, అంటే గింజ తొక్కలో అని. పై అధికారి ఒకాయన మీటింగులో ఆ మాట అన్నాడు. కింది అధికారులు అమలు చేశారు. తొక్క రెండు గింజలదే కావాలి. మూడు గింజల కాయకు ప్రత్యేక అనుమతి ఉండాలి.

వన్నూరమ్మ మొగుడు ఎర్రిస్వామి బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు రాతిదుమ్ము మింగి చనిపోయాడు. కాగితాల్లో జ్వరమని రాశారు. దాన్ని దుమ్మని దిద్దితే తప్ప ఫ్యాక్టరీవాళ్ళు దుమ్ము లాగే మిషను పెట్టరు. ఇప్పుడు ఎర్రిస్వామి నిలబడిన చోటే ఆమె తమ్ముడు సుంకన్న నిలబడుతున్నాడు. అతనికీ దగ్గు మొదలైంది.

కాయలు వలిచే కూలికి పోయే మనిషి గనక, తొక్క చితక్కుండా తెరవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అర్జీని మడిచి ఒక పక్క కూరింది. వట్టి తొక్క ఒకరి చేతికివ్వడం వాళ్ళలో అశుభం. అందుకని రెండో పక్క ఒక గింజ ఉంచింది. నెలకు జవాబు వచ్చింది: ‘మీ విషయం పరిశీలించడమైనది. రుచిగా ఉన్నది.’

ఆమె దాన్ని రెండుసార్లు చదివించుకుంది. ఏమీ పాలుపోక ఆఫీసుకు వెళ్ళింది.

“గింజ తిని కాగితం పారేసినావా సార్?”

“గింజ ఉంటే గింజే విషయం కదమ్మా. కాగితాన్ని తొక్క కింద జమకట్టినాం,” అన్నాడు గుమాస్తా లోకనాథం. ఆయన కోపిష్టి కాదు. ఓపిగ్గా కొత్త తొక్క తీసి, ఆమె మళ్ళీ రాయించుకొచ్చిన అర్జీ చదివాడు. “ఇదేంది, హరికథ మాదిరుంది. పద్నాలుగేండ్లు తీసేయ్. తమ్ముణ్ణి తీసేయ్. మిషను తీసేయ్.”

“దుమ్మన్నా ఉండనీ సార్. దానికోసమే గదా వచ్చింది.”

“దుమ్ము పెడితే పేరు పట్టదు. పేరు లేకుంటే చచ్చిందెవరు?”

అదీ నిజమే అనిపించింది ఆమెకు. ఎక్కడో ఏదో తప్పిందనీ అనిపించింది. అది ఎక్కడో తెలియలేదు. మొగుడి పేరు కొట్టేయమనడానికి మాత్రం నోరు రాలేదు. చివరకు తొక్కలో ‘ఎర్రిస్వామి లేడు’ అని మిగిలింది. లోకనాథం దారం చుట్టి ముద్ర వేశాడు. సాయంత్రానికే ఉత్తర్వు చేతికిచ్చారు: ‘ఎర్రిస్వామి లేడన్న మాట నిజమే. అర్జీ పరిష్కరించడమైనది.’

మెట్లు దిగుతుంటే వరుసలో నిలబడిన ఒకామె చేయి పట్టుకుంది.

“యట్ల రాయాలక్కా? ఆ పొద్దు వాన. నా బిడ్డకు నొప్పులు. డాక్టరుకు ఎన్నిసార్లు చెప్పి పంపినా రాకపాయ...”

వన్నూరమ్మ ఆమె చేతిలోని తొక్కను వెలుతురుకు పెట్టి కొలత చూసింది.

“అంత చెప్పగూడదుమే. ముందు వాన తీసేయ్,” అంది. మళ్ళీ ఒకసారి చూసి, “డాక్టరు గూడా పట్టడులే,” అంది.